పాత వైను మీద రాజబాబు తీర్పు

రాజబాబు ఒక వంటను మెచ్చుకోగా విన్నవాళ్ళు దుబాయ్‌లో ఒక్కరూ లేరు. ఎంత గొప్పగా వండిపెట్టినా ఒక ముద్ద నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, చివరికి ఏదో ఒక వంక బయటికి తీసేవాడు. ఆయన దగ్గర అన్నిటికంటే పెద్ద బిరుదు "ఫరవాలేదండి."

అది ఆయన ఉద్యోగం కూడా. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో మసాలాలు, పచ్చళ్ళు చేసే ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళుగా రుచి చూసే పని. ఎప్పుడో కాకినాడలో పెళ్ళిచూపులకు వెళ్ళి, ఉప్మాలో జీడిపప్పు కిందటేడాదిదని చెప్పి, కాఫీ రాకముందే వీధిలో పడ్డాడు. మళ్ళీ ఆ ప్రయత్నం చేయలేదు.

ఆయన ఫ్లాటుకు పై అంతస్తులో విక్రమ్, వైదేహి ఉండేవారు. ప్రతి శుక్రవారం రాజబాబు భోజనం వాళ్ళింట్లోనే. వైదేహికి ఆయన్ని చూస్తే ఒళ్ళుమంట.

"పప్పుచారులో ఉప్పు ఒక్క పలుకు ఎక్కువండి వైదేహిగారూ."

"మరి మూడోసారి పోయించుకుంటున్నారేం?"

"నిర్ధారణ చేసుకోవాలి కదండి."

విక్రమ్ పడీపడీ నవ్వేవాడు. అతనికీ ఓ పిచ్చి ఉండేది. 2010లో వాళ్ళాఫీసుకు ముదీర్‌గా, అంటే మేనేజరుగా ఉన్న ఫ్రెంచివాడి మాట విని, ఇంకా పీపాల్లోనే ఉన్న ఎర్ర వైనుకు ముందే సొమ్ము కట్టేశాడు. అలా కడితే చవగ్గా పడుతుందట. రెండేళ్ళ తర్వాత సీసాల్లో నింపి పంపుతారట. పేరున్న తోటదేమీ కాదు, ఓ మోస్తరు సరుకు. ఆరు సీసాలు. తీరా వచ్చాక కూడా తెరవనివ్వలేదు. "2021 మార్చి దాకా ముట్టుకోవద్దు, అప్పటికి పక్వానికొస్తుంది" అని పెట్టె మీద రాసి, ఏసీ ఆగని పడగ్గదిలో మంచం కిందికి తోశాడు.

2020 జూన్‌లో విక్రమ్ పోయాడు. జ్వరమని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. పదకొండో రోజు ఫోనొచ్చింది. అప్పటికి వైదేహికీ అదే జబ్బు. గది దాటడానికి వీల్లేదు. ఆఖరిచూపు కూడా దక్కలేదు. రాజబాబు, ఫ్యాక్టరీ వ్యాను నడిపే నెల్లూరు ఖాసిం వెళ్ళి దహనం జరిపించారు. అస్థికలున్న డబ్బాను ఆమె గుమ్మం ముందు పెట్టి, మెట్ల దాకా వెనక్కి జరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఆ తర్వాత వైదేహి వంట మానేసింది. ఇంట్లోంచే ఆఫీసు పని చేసుకుంటూ టీలో బిస్కట్లు ముంచుకుని బతికింది. అద్దంలో తన మెడ ఎముకలు చూసుకుని ఇవి ఎవరివా అనుకునేది. ఊరికి విమానాలు మొదలయ్యాయని తెలిసినా, టికెట్ కోసం ఫోన్ చేసే ఓపిక కూడా లేదు.

ఆగస్టులో ఓ శుక్రవారం మధ్యాహ్నం బెల్లు మోగింది. రాజబాబు, వెనక ఖాసిం.

"భోజనానికొచ్చామండి."

"వంట చేయలేదు."

"ఫరవాలేదండి, కూర్చుంటాం."

అరగంట కూర్చున్నారు. వాళ్ళని వదిలించుకోవడానికి వైదేహి విసురుగా లేచి, బియ్యం కడిగి, చారు పెట్టింది. రాజబాబు ఒక ముద్ద తిని, కళ్ళు మూసుకున్నాడు.

"మిరియం ఘాటు లేదండి. మనసుపెట్టి దంచినట్టు లేదు."

మొగుడు పోయిన మనిషి వంటకు వంకలా! ఆ నోరు మూయించాలని ఆమె తర్వాతి గురువారమే మిరియాలు వేయించి దంచింది. ఆయన జీలకర్ర మాడిందన్నాడు. పై వారం పులుసు పల్చనన్నాడు. ఆమె నైఫ్ బజారు సందుల్లో తిరిగి కొత్త చింతపండు వెతుక్కొచ్చింది. ఆ కోపంలో ఉడికిందో లేదో చూస్తూ, సరిపోయిందో లేదో చూస్తూ, ఆకలి ఎప్పుడు తిరిగొచ్చిందో ఆమెకే తెలియలేదు.

మార్చి వచ్చింది. ఓ శుక్రవారం వైదేహి మంచం కింది పెట్టె బయటికి లాగింది. ఖాసిం తాగడు కాబట్టి అతనికి పాలు లేని సులేమానీ చాయ్ పెట్టింది. బిరడా పొడిపొడిగా రాలింది. టీ జల్లెడలో వడకట్టాల్సి వచ్చింది. ఇటుకరంగుకు తిరిగిన వైనును రాజబాబు గ్లాసులో గుండ్రంగా తిప్పి, ముక్కు లోపలికంటా దూర్చి, ఓ గుక్క తాగి, కళ్ళు మూసుకున్నాడు.

"వాసన శుభ్రంగా ఉందండి. ఒగరు ఒక్క పలుకు ఎక్కువ."

బల్లకు అవతల ఖాసిం చాయ్ కప్పు దించేశాడు. "ఏంది సారూ! నానిన గోనెపట్టా కంపు ఈడికే కొడతా ఉంటేనూ!"

వైదేహి వాసన చూసి మొహం తిప్పుకుంది. బిరడా చెడి, సీసా మొత్తం బూజు కంపు.

"రాజబాబుగారూ, ఇంకోసారి చూడండి."

ఆయన చూశాడు. "శుభ్రంగానే..." అని ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంకేం దాస్తావులే సారూ," అన్నాడు ఖాసిం. "అక్కా, నవంబర్లో సారుకి జబ్బు తగిల్నాక వాసనా లేదు, రుచీ లేదు. ఆయనే పోయి మా ముదీర్‌కి చెప్పేసినాడు. ఆ పని ఖలాస్. ఇప్పుడు డబ్బాల మీద లేబుళ్ళు సరిగ్గా అంటినాయో లేదో చూస్తా ఉండాడు."

వైదేహి రాజబాబు వైపు కుర్చీ జరుపుకుని కూర్చుంది. "అయితే మొన్న గుత్తివంకాయలో కారం తగ్గిందన్నది?"

"ఊహించి చెప్పానండి."

"ఉలవచారు అడుగంటిందన్నది?"

"అదీ అంతేనండి. సరిగ్గా కుదిరిందంటే మీరు వండడం ఆపేస్తారేమోనని..."

"మరి ఆగస్టులో చారు? అప్పటికి మీ నాలుక పనిచేస్తోందిగా!"

రాజబాబు తల వంచుకున్నాడు. "అది అమృతమండి. కిందికెళ్ళి కాసేపు ఏడ్చాను."

ఆయన్ని తిట్టబోయి వైదేహి మానేసింది. లేచి రెండో సీసా తెచ్చి, తనే బిరడా తీసి, తనే గ్లాసులో పోసి, ఓ గుక్క తాగింది.

"ఎలా ఉందండి?" అన్నాడు రాజబాబు ఆత్రంగా.

"నేరేడు పండు. బాగా మగ్గినది."

"తర్వాత?"

"పాత చెక్కబీరువా తలుపు తీసినప్పటి వాసన."

"చివర్లో?"

"వక్క చప్పరించినట్టు ఒగరు. కానీ మెత్తగా." ఆమె పెట్టె మీది విక్రమ్ రాత కేసి చూసింది. "ఆయన చెప్పినట్టే పక్వానికొచ్చింది."

రాజబాబు కళ్ళు మూసుకుని, ఏమీ లేని నోటిని మెల్లగా చప్పరిస్తూ వింటున్నాడు. "నేరేడు పండన్నారు. పుల్లనిదా, తియ్యనిదా?"

తేల్చుకోవడానికి ఆమె ఇంకో గుక్క తాగింది. బీరువా వాసన టేకుదా మామిడి చెక్కదా అని అడిగాడు. మరో గుక్క తాగింది.

"సారూ, ఆపు!" అన్నాడు ఖాసిం. "నువ్వు రుచి తెలుసుకునేలోపల అక్క కింద పడేట్టుంది."

తొమ్మిది నెలల్లో మొదటిసారి వైదేహి పైకి నవ్వింది. కళ్ళు తుడుచుకుని, గ్లాసులో మరికాస్త పోసుకుని, "టేకే," అంది.