తెల్లపువ్వు ఎర్రబడిన పొద్దు

మొన్నొక ఉదయం మా కాలేజీ పిల్లలకు మొక్కలు చూపిద్దామని గురజాల దారిలో ఆటో దిగాను. మంచుకు తడిసిన నల్లరేగడి వాసన గుప్పుమంది. పత్తి చేను మీద మంచు ఇంకా విడలేదు. అంతే, కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. మార్తమ్మ టీచరు కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని సాలు వెంట నా ముందు నడుస్తున్నట్టే అనిపించింది.

మా ఊరి బడిలో సైన్సు చెప్పేది ఆమె. మా పక్కిల్లే. పదో తరగతి క్వార్టర్లీ పరీక్షల్లో నేను సైన్సు తప్పాను. బట్టీ పట్టలేదా అంటే, పట్టాను మహాప్రభో! పేపరు చూడగానే అంతా ఆవిరైపోయింది. నాన్నది ఒకటే మాట: "పబ్లిక్‌లో గూడా ఇట్టాగే తప్పితే ఇంక బడి చాలు. చేలోకి రా." బడి పోతుందన్న భయంతో రెండు రోజులు ఏడ్చాను.

టీచరు నా పుస్తకం లాక్కుని తన బీరువాలో పెట్టేసింది. మర్నాడు పొద్దున్నే మా చేలోకే తీసుకెళ్ళి, అప్పుడే విచ్చిన తెల్లపువ్వు తొడిమకు దారం కట్టమంది. ఆ మర్నాడు వెళ్ళి చూస్తే దారమున్న పువ్వు ఎర్రగా ఉంది.

"ఎవరో మార్చారు టీచర్," అన్నాను. పుట్టినప్పటి నుంచీ పత్తి చేలో తిరిగినదాన్ని, ఒకే మొక్కకు తెల్లవీ ఎర్రవీ రెండు రకాల పువ్వులు పూస్తాయనే అనుకునేదాన్ని!

ఆమె పకపకా నవ్వింది. "మార్చడానికి ఎవరికి పనిలేదే? నువ్వు కట్టిన దారమే, నిన్నటి పువ్వే."

"మరెందుకు ఎర్రబడింది?"

"నన్నడుగుతావేందే? దాన్నే చూస్తా ఉండు."

ఆ తర్వాత రోజులు కలలా గడిచాయి. ఎన్ని పువ్వులకు దారాలు కట్టానో! రేకులు రాలి, అడుగున బఠాణీగింజంత కాయ కనబడి, అది రోజురోజుకీ ఒళ్ళు చేస్తుంటే అన్నం సంగతే మరిచిపోయేదాన్ని. అమ్మ గట్టు మీద నుంచి కేకలేసేది. పుస్తకం తిరిగి ఇచ్చాక చదివితే ప్రతి మాటా తెలిసినవాళ్ళ కబురులా ఉంది. పబ్లిక్‌లో సైన్సులో బడికంతా నావే మొదటి మార్కులు. నాన్న తల గోక్కుని, "సర్లే, చదువుకో పో," అన్నాడు.

పరుగెత్తుకెళ్ళి టీచరుకు చెప్పాను. "మార్కులు బాగానే ఉన్నయ్యి. ఎందుకు ఎర్రబడిద్దో తెలుసుకున్నావా?" అంది. లేదన్నాను.

"నాకూ తెలవదే. చానా ఏళ్ళ నుంచి అనుకుంటన్నా. నీకు తెలిశాక వచ్చి చెప్పు."

టీచరుకు తెలియకపోవడమేమిటని నోరు వెళ్ళబెట్టాను.

డిగ్రీలో తెలిసింది. సెలవులకు వచ్చి, బ్యాగు భుజాన ఉండగానే ఆమె ఇంటికి వెళ్ళాను. అప్పటికి రిటైరైంది, చూపు మందగించింది. రేకుల్లో ఎర్రరంగు ఎలా పుడుతుందో చెబుతుంటే నా చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని వింది. అయిపోయాక కూడా చెయ్యి వదల్లేదు.

"ఇంకోసారి చెప్పవే," అంది.

ఇప్పుడు నేను ఏ క్లాసులో నిలబడినా, ఆమెకే చెబుతున్నాననుకుని మొదలుపెడతాను.