ఒక్క గవ్వ కూడా తేని సారు

మా భూగోళం సారు పోయారని పాలమూరు నుంచి వచ్చిన బస్సు కండక్టర్ చెప్పాడు. సంతాప సభ మా కేతేపల్లి బడిలోనే పెట్టారు. ఏ బడి నుంచి ఆయన్ను వెళ్లగొట్టారో అక్కడే! కొంచెమన్నా సిగ్గుండాలి మనకు.

నందికొండ దగ్గర డ్యాం పనులు సాగుతున్న రోజులవి. నేను ఆ బడిలో లెక్కల పంతులుగా కొత్తగా చేరాను. "మన మూసీ నీళ్లు యాడిదాంక పోతయో పుస్తకంల సదివితే సాలదు, సూడాలె" అంటూ సారు పన్నెండు మంది పిల్లల్నీ, నన్నూ వెంటబెట్టుకొని మూసీని కలుపుకున్న కృష్ణానది సముద్రంలో కలిసే చోటికి బయల్దేరారు. బస్సు, రైలు, చివరికి పడవ. అది సర్కారు కాపాడుతున్న మడ అడవి. చెట్లు నీళ్లలోనే నిలబడి ఉంటాయి, పిట్టలు ఇసుకలోనే గుడ్లు పెడతాయి. సారు అక్కడ పొయ్యి వెలిగించనియ్యలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టెలు పడవలోనే తిన్నాం. ఉల్లిపొట్టు కూడా మళ్లీ మూటలో కట్టించారు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే, "సుట్టమింటికొచ్చినం. సుట్టాలోలె ఉండి పోవాలె" అనేవారు.

నేనొక గవ్వ తీసి జేబులో వేసుకోబోయాను. సారు చూశారు.

"ఆడ్నే పెట్టు. అండ్ల ఎండ్రికాయ సంసారం జేస్తాంది."

పిల్లల ముందు లెక్కల పంతులు పరువు పోయింది. పెట్టేశాను. కాసేపటికి ఆ గవ్వ తనంతట తానే నడిచిపోయింది. పిల్లలతోపాటు నేనూ పడీ పడీ నవ్వాను.

మేం తిరిగొచ్చిన నెలకు తనిఖీ అధికారి ఊడిపడ్డాడు. సారు టూరు పేరుతో పిల్లల్ని తన చుట్టాల పెండ్లికి తీసుకెళ్లాడని ఎవరో అర్జీ పెట్టారట.

"పోయినట్టు సాక్ష్యమేది? ఒక్క గవ్వ కూడా తేలేదా?"

"తేవద్దనే తేలేదు సార్" అన్నారు మా సారు.

సముద్రం చూసొచ్చామని పిల్లలు చెబితే, వాళ్ల మాట చెల్లదన్నాడు అధికారి. నావైపు తిరిగాడు. నా నౌకరీ ఇంకా పక్కా కాలేదు. తల వంచుకొని నిలబడ్డాను. పిరికితనానికి వేరే పేరు పెట్టను. నా మౌనాన్నే ఆయన జవాబుగా రాసుకున్నాడు.

సారును పాలమూరు జిల్లాలో బస్సు కూడా పోని ఊరికి బదిలీ చేశారు. సామాను బండికెత్తిస్తూ, "ఫికర్ చెయ్యకు. పిల్లలున్నోనివి" అన్నారు నాతో. నాలుగు తిట్టినా బాగుండేది.

సంతాప సభలో ఆ అధికారే ముందుగా మైకు పట్టుకున్నాడు. "పల్లె పిల్లలకు సముద్రం చూపించిన మహానుభావుడు" అంటుంటే నా ఒళ్లు మండిపోయింది. లేచాను.

"నేను గూడ పోయిన సార్, ఆ సముద్రానికి. గప్పుడు నేను నోరు తెరవలే, మీరు నమ్మలే. ఇయ్యాల ఏం సాక్ష్యం దొరికిందని నమ్ముతున్నరు?"

అధికారి మైకు పక్కనపెట్టి కూర్చున్నాడు. ముందు చాప మీద ఉన్న సారు ఇంటామె నావైపు తిరిగింది.

"గీ మాట కోసం పదేండ్లు ఎదురుసూసిండు, బిడ్డా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఆయన ఫొటో వైపు తిరిగింది. కూర్చోమని పక్కవాళ్లు నా చెయ్యి పట్టి లాగుతున్నారు. కూర్చోలేకపోయాను.