ఫైనల్ పరుగులో నాయిన ఎత్తిన చెయ్యి

సూరత్ మహిళా కాలేజీల ఆటల పోటీల చరిత్ర రాయమని మా ప్రిన్సిపాల్ మేడమ్ నన్నడిగారు. ఒకప్పుడు ఆ పోటీల్లో పరిగెత్తిన నేను ఇప్పుడు అదే కాలేజీలో పీటీ టీచర్ని. నలుగురు టీచరమ్మలు కాలేజీలన్నీ తిరిగి, బతిమాలి మొదలుపెట్టారట. తొలి ఏడు ఆడపిల్లలు చున్నీలు నడుముకు బిగించి పరిగెత్తారట. చివరికి అబ్బాయిల పోటీల్లో కలిపేసి మావి మూసేశారు. ఇదంతా గంటలో రాసేశాను. మిగిలింది రాయాలంటే ఏడుపొస్తోంది.

మేముండేది సూరత్ శివార్లలో ఉన్న ఉన్ అనే పేటలో. నాయిన పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు నడిపేవాడు. రోజూ కాలేజీ వదిలాక నేనూ అక్కడే బాబిన్లకు దారం చుట్టేదాన్ని. ఆ మోతలో నోటిమాట వినపడదు. దూరం నుంచి ఎవరైనా అరచెయ్యి ఎత్తితే ఉన్నపళంగా అన్నీ ఆపెయ్యాలి. ఎవరి వేళ్లో మగ్గంలో పడ్డాయని అర్థం.

కాలేజీ రెండో ఏడు ఎనిమిది వందల మీటర్ల ఫైనల్‌కొచ్చాను. గెలిస్తే యూనివర్సిటీ జట్టులో చోటు. నాకు అదొక్కటే పిచ్చి. నాయిన మొదటిసారి నాగా పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని చూడ్డానికొచ్చాడు. ఆఖరి మలుపులో నేనే ముందున్నాను. గెలుపు గీత అవతల నాయిన కనిపించాడు. సంతోషం పట్టలేక అరచెయ్యి ఎత్తాడు. నా కాళ్లు ఆగిపోయాయి. కావాలని ఆగలేదు, దేవుడి మీద ఒట్టు! తేరుకునేసరికి ముగ్గురు దాటిపోయారు.

బస్టాపులో నాయిన మెల్లగా అడిగాడు. "నేను రాకుంటే గెలుస్తుంటివి గదా బిడ్డా?"

"అవ్ మరి! నిన్నెవరు రమ్మన్నరు?" అన్నాను.

ఛీ, ఏం నోరు నాది! వారం రోజులు వెంటపడి రమ్మన్నది నేనే.

మరుసటి ఏడు మళ్లీ ఫైనల్. ఆ పోటీలు జరిగిన ఆఖరి ఏడు అదే. రమ్మంటే "జర పనుంది, నువ్ పో" అన్నాడు. ఆ రోజు కార్ఖానాలకు వారానికోసారి కరెంటు తీసేసే సెలవు. పనేమీ లేదని నాకు తెలుసు. అయినా ఇంకోమాట అడగలేదు. ఈసారి గెలిచాను. మెడల్ తెచ్చి నాయిన చేతిలో పెట్టాను. తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"గీసారి ఎవ్వరు ఆపలేదు గదా బిడ్డా?" అన్నాడు.

తప్పు నీది కాదు నాయినా అనాల్సింది. ఆకలేస్తోందని అమ్మను కేకేశాను. ఇంకెప్పుడైనా చెప్పొచ్చులే అనుకున్నాను. నాయిన పోయి రెండేళ్లయింది.