తాడుతో సహా కొన్న పడవ

దేవరకొండ బస్సులో కూర్చున్నాను. ఒళ్లో మడతపెట్టిన పాత తెరచాప, దానిమీద తాడు. సాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డున బోర్లించి ఉన్న చిన్న ఫైబర్ పడవను ఆ పొద్దునే కొన్నాను. పడవ వెనక ట్రాలీలో వస్తోంది.

పక్క సీటు పెద్దాయన ఎక్కినప్పటి నుంచీ తాడునే చూస్తున్నాడు. దొంగచూపేమోనని కొసను అరచేతికి చుట్టుకున్నాను.

"పడవ కొన్నరా సారూ? తాడు మీదేనా, అమ్మినాయన ఇచ్చిండా?"

"ఆయనే ఇచ్చిండు. అడగకుండనే."

పెద్దాయన జర ఎడంగా జరిగాడు.

"మేం బర్రెనమ్మినా తలుగు ఇయ్యం. కొన్నోడు తన తాడు తెచ్చుకొని తోల్కపోతడు. తాడుతో సహా ఇచ్చిండంటే గా పడవ మళ్ల తన ఇంటి ముఖం సూడొద్దనే."

తర్వాతి స్టేజీలో దిగిపోయాడు.

ఇంటి దగ్గర పడవను అంగుళం అంగుళం తడిమాను. రెండు సన్నని పగుళ్లుంటే రెజిన్‌తో పూడ్చి, మళ్లీ సాగర్‌లోనే దించాను. ఎన్నేళ్లు తిప్పినా చుక్క నీరు లోపలికి రాలేదు. అయినా గాలి ఆగి తెరచాప వాలినప్పుడల్లా, అమ్మినాయన ఇందులో ఏం చూశాడోనని నా చెయ్యి పడవ అడుగును తడిమేది.

కిందటి ఎండాకాలం అమ్మేశాను. కొన్న కుర్రాడి చేతిలో, అడక్కుండానే, తాడు కూడా పెట్టాను.