యూరప్ తిరిగొచ్చిన తొక్కు డబ్బా

యూరప్ పేరెత్తితే నేను ఇప్పటికీ మాట మార్చేస్తాను. ఎవరైనా స్విట్జర్లాండ్ ఫోటోలు ముందేసి ఎంత బాగుందో చూడమంటే, బాగుందని తల ఊపి లేచి వంటింట్లోకి పోతాను. నేనూ ఆ మంచులో నిలబడ్డదాన్నే. పట్టుచీర మీద మావారి స్వెటర్ వేసుకుని, నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. ఆ ఫోటో చాలా ఏళ్లు మా ఇంట్లో టీవీ మీద ఉండేది. వచ్చినవాళ్లు నేను సిగ్గుపడుతున్నాననుకునేవాళ్లు. సిగ్గూ లేదు, ఏమీ లేదు. వాంతి ఆపుకుంటున్నాను.

మావారికి సూర్యాపేటలో పురుగుమందుల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. తొంభైల్లో తిరుమలగిరి వైపు ఎటు చూసినా పత్తే, పత్తి మీద ఎటు చూసినా పురుగే. పురుగు పెరిగినకొద్దీ మా దుకాణమూ పెరిగింది. ఒక ఏడాది, మందులు బాగా అమ్మిన డీలర్లను భార్యలతో సహా యూరప్ తీసుకుపోతామని కంపెనీ వాళ్లు చెప్పారు. మా వైపు నుంచి మూడు జంటలు: సూర్యాపేట నుంచి మేము, కోదాడ నుంచి ఒకరు, మిర్యాలగూడ నుంచి ఒకరు. కంపెనీ తిప్పేది వారమే. అంత దూరం పోయి వారానికే తిరిగొస్తే ఊళ్లో నవ్వుతారని మగవాళ్లు ముగ్గురూ కూడబలుక్కుని, సొంత ఖర్చుతో ఇంకో రెండు వారాలు కలిపించారు.

అప్పటికి నాకు మూడో నెల. పెళ్లయి ఎనిమిదేళ్లు. అంతకు ముందు రెండుసార్లు నెల తప్పి, రెండుసార్లూ నిలవకుండా పోయింది. ఈసారైనా నిలుస్తుందా అన్నది తప్ప నాకు లోకంలో ఇంకే ఆలోచనా లేదు. డాక్టరమ్మ ప్రయాణాలు వద్దంది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే మావారు కుర్చీలోంచి కదలకుండానే జవాబిచ్చారు.

"విమానంల కూసునుడే గదనే, నడిసి పోతున్నమా? జంటగ రాకుంటె నన్ను గూడ తీస్కపోరు. అందరికి చెప్పుకున్నంక గిప్పుడు పోతలేమంటె ఇజ్జత్ పోతది."

ఇజ్జత్ ఆయనది, కడుపు నాది. ఆయన ఇజ్జతే గెలిచింది. యూరప్ పర్యటనకు వెళ్తున్న దంపతులకు శుభాకాంక్షలని పేపర్ జిల్లా పేజీలో మా ఫోటో వేయించారు. బయలుదేరేనాడు ఇంటి ముందు మనుషుల్ని పోగు చేసి మెడలో బంతిపూల దండలు వేయించారు. ఆ వాసనకు అక్కడే కక్కేదాన్ని. కారెక్కి తలుపు వేసుకున్నాక గానీ ప్రాణం కుదుటపడలేదు.

వేవిళ్లలో నాకు ఒక్క మామిడికాయ పచ్చడే సయించేది. అది తెలిసి మా అమ్మ కోదాడ నుంచి జాడీ నిండా కొత్త పచ్చడి పంపింది. సూర్యాపేటలో దాన్నే తొక్కు అంటారు. స్టీలు క్యారేజీలో సర్దుతుంటే మావారు వచ్చి, అందులోంచి నూనె కారుతుంది, మంచి డబ్బాలో నేనే పెట్టి తెస్తానని జాడీ ఎత్తుకుని కిందికి పోయారు. సాయంత్రానికి ఒక పెద్ద డబ్బా తెచ్చారు. రెండు మూతలు, మూతల కింద నుంచి చుట్టూ ముతక గుడ్డ, పార్శిళ్లకు కుట్టినట్టు గట్టి కుట్టు. "సుక్క గూడ కారది సూడు," అన్నారు. పెళ్లయ్యాక నా కోసం ఒక పని ఆయన చేత్తో చేయడం అదే మొదలని మురిసిపోయాను. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత పుడుతుంది.

యూరప్‌లో నేను చూసినవి తక్కువ, వాసన చూసినవి ఎక్కువ. పొద్దున్నే హోటల్ మెట్లు దిగితే చీజ్ కంపు, ఉడికిన గుడ్ల కంపు. బాత్రూముల్లో నీళ్లుండవు, కాగితాలుంటాయి. కోదాడ ఆమె ముందుచూపుతో ప్లాస్టిక్ మగ్గు తెచ్చుకుంది. పోయిన ప్రతిచోటా దాన్ని సంచిలోంచి తీసి నాకూ అరువిచ్చేది. ఆమె భర్త బస్సులో చెప్పులు విప్పి, ముందు సీటు మీద కాళ్లు చాపి, గోళ్లు కత్తిరించుకునేవాడు. మిర్యాలగూడ దంపతులు కరెంటు కుక్కర్ తెచ్చుకున్నారు. గదిలో అన్నం వండుతూ, వాసన బయటికి పోకుండా హోటల్ వాళ్ల తెల్లటి తువ్వాళ్లు తడిపి తలుపు కింద కుక్కేవాళ్లు. ఊరు మారేటప్పుడు అవే తువ్వాళ్లు వాళ్ల పెట్టెలోకి పోయేవి. చెరువుగట్టు మీద ఈత బట్టల్లో ఎండకు పడుకున్న ఆడపిల్లల్ని మగవాళ్లు ముగ్గురూ వరసగా నిలబడి నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు. పక్కన పెళ్లాలున్నారన్న ఇంగితం లేదు. ఆ ముగ్గురిలో ఒకరి బిడ్డనే కదా కడుపులో మోస్తున్నానని ఒళ్లు జలదరించేది.

మిర్యాలగూడ వాళ్ల అన్నంలో అమ్మ పచ్చడి కలుపుకుని తినడమే నాకు రోజు మొత్తంలో తిండి. పూటపూటా అదే. మిగతావాళ్లూ అడిగి వేయించుకునేవాళ్లు. మావారొక్కరే ముట్టేవారు కాదు. ఇంట్లో తొక్కు లేనిదే విస్తరి ముందు కూర్చోని మనిషి, అక్కడ కడుపులో మంటగా ఉందని కారప్పొడితో సరిపెట్టుకున్నారు. నాకు తక్కువ పడకూడదని నోరు కట్టేసుకున్నారనుకున్నాను. పైకి అనలేదు గానీ లోపల కొంచెం మెత్తబడ్డాను.

మూడో వారం స్విట్జర్లాండ్‌లో ఉన్నాం. డబ్బా చుట్టూ ఉన్న గుడ్డ నూనెకు తడిసి జిడ్డు కారుతుంటే, ఉతుకుదామని కుట్లు కత్తిరించి స్నానాల తొట్టి దగ్గర కూర్చున్నాను. వేడినీళ్లు తగిలి గుడ్డ ఊడి వచ్చింది. డబ్బా మీద కాగితం గీకిన గుర్తులు. గీకుడుకు అందని ఒక మూల బొటనవేలంత ముక్క మిగిలింది. ఎర్రటి ముక్కోణం, దాని పైన సగం పుర్రె. డబ్బా తిరగేస్తే అడుగున కంపెనీ ముద్ర. అలాంటి డబ్బాల మీద కాపురం ఉంటున్నదాన్ని, నాకు వేరే చెప్పాలా? అది పత్తిపురుగుకు కొట్టే పొడి మందు డబ్బా. 

గదిలోకి తెచ్చి మావారి ముందు పెట్టాను. ఆయన ముఖంలో తడబాటు లేదు, విసుగుంది.

"మూడుసార్లు సోడ పెట్టి కడిగిన. ఎండల పెట్టిన. ఊర్లల్ల అందరు గిట్లనే చేస్తరు, ఎవడన్న సచ్చిండా?"

గొడవ విని పక్క గదుల వాళ్లు వచ్చారు. మిర్యాలగూడ ఆయనకు డబ్బా చూపిస్తే ఆయన నవ్వాడు. "మా ఇంట్ల కారం, చింతపండు గీ డబ్బలల్లనే ఉంటయి చెల్లె. గింత గట్టి డబ్బ బజార్ల కొంటె దొరకది." ఆయన భార్య అవునన్నట్టు తల ఊపింది. కోదాడ వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని భోజనానికి వేళయిందన్నారు. ఇన్ని రోజులూ వాళ్ల కడుపుల్లోకీ అదే పోయింది. అయినా ఎవరికీ వెగటు పుట్టలేదు. నాకే ఏదో పిచ్చి అన్నట్టు చూసి పోయారు.

వాళ్లు పోయాక, కుక్కర్ గిన్నెలో మిగిలిన అన్నంలో ఆ తొక్కు కలిపి, ముద్ద చేసి మావారి నోటి ముందు పెట్టాను.

"తినండి," అన్నాను.

ఆయన నన్ను చూడలేదు, ముద్దను చూశారు. "కడుపుల మంట ఉన్నదంటి గద."

"మూడుసార్లు కడిగారుగా. ఒక్క ముద్దకి ఏమవుతుంది?"

"జిద్దు చెయ్యకు," అని ముఖం తిప్పుకున్నారు.

అంటే ఆయనకు తెలుసు. కడిగినా ఎండబెట్టినా ఆయనకే నమ్మకం లేదు. తెలిసే తన నోరు కాపాడుకుని, పూటపూటా నేను తింటుంటే ఎదురుగా కూర్చుని చూశారు. ఎందుకు చేశారని అడిగాను. ఆ జవాబు నేను చచ్చేదాకా మరిచిపోను. "స్టీలు దాంట్ల పెడితె నూనె కారి సూట్ ఖరాబైతది," అన్నారు. యూరప్ కోసం కొత్తగా కుట్టించుకున్న సూటు అది. ఆ క్షణం నుంచి ఆ మనిషి పక్కన కూర్చోవడమే నాకు అసహ్యమైపోయింది.

తొక్కంతా బాత్రూములో పారబోశాను. డబ్బా చెత్తబుట్టలో వేస్తే, మావారు మళ్లీ తీసి, కడిగి, పెట్టెలో సర్దారు. మంచి డబ్బాను పారేస్తారా అన్నారు.

తిరుగు ప్రయాణం నాకు నరకం. విమానంలో, బొంబాయి నుంచి వచ్చిన రైల్లో, హైదరాబాద్ నుంచి కారులో, చెయ్యి కడుపు మీద నుంచి తీయలేదు. కొంచెం నొప్పి అనిపించినా లేచిపోయి రక్తం ఏమైనా కనపడుతుందా అని చూసుకునేదాన్ని. లేదని తెలిసి వచ్చి కూర్చుంటే మళ్లీ అదే భయం. పక్క సీట్లో మావారు ఊళ్లో చెప్పాల్సిన కబుర్లు కూడబెట్టుకుంటున్నారు.

సూర్యాపేట దగ్గర పడేసరికి డప్పులు, దండలు. మరునాడు వ్యాపారులు ఒక హాల్లో సన్మానం పెట్టి మా ఇద్దరికీ శాలువాలు కప్పారు. మావారు మైకు పట్టుకుని యూరప్ శుభ్రత గురించి మాట్లాడారు. "ఆడ రోడ్డు మీద అన్నం పెట్టుకోని తినొచ్చు, గంత సాఫ్ ఉంటది," అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. శాలువా మెడకు గుచ్చుకుంటుంటే తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

డాక్టరమ్మకు ఒక్కదానికే అంతా చెప్పుకున్నాను.  "పుట్టేదాకా ఏమీ చెప్పలేనమ్మా," అంది ఆమె. ఆ నెలలన్నీ ఎలా గడిచాయో నాకు గుర్తు లేదు. కోదాడలో అమ్మ దగ్గర ఆడపిల్ల పుట్టింది. నర్సు చేతిలోంచి లాక్కున్నట్టే తీసుకుని కళ్లు, చెవులు, వేళ్లు అన్నీ తడిమి చూశాను. ఏ లోపమూ లేదు. భోరున ఏడ్చాను. చక్కటి పిల్ల పుట్టింది కదా, ఇంకా మొగుడి మీద ఏం కోపం అన్నారు అందరూ. అది కోపం కాదని వాళ్లకు చెప్పలేకపోయాను. కోపమైతే పిల్ల ముఖం చూసి పోయేది. అసహ్యం అలా పోదు. పిల్లతో సూర్యాపేట తిరిగొచ్చాను గానీ, ఆయన చేతి మంచినీళ్లు కూడా మళ్లీ తాగలేదు.

పాపకు కూర్చోవడం వచ్చాక, నేను వంటలో ఉంటే మావారు కిందికి ఎత్తుకుపోయేవారు. ఒకరోజు పాలు పట్టే వేళైందని మెట్లు దిగాను. దుకాణంలో తిరుమలగిరి వైపు నుంచి వచ్చిన పత్తి రైతు, ఆయన భార్య నిలబడి ఉన్నారు. మావారు వాళ్లకు ఖాళీ మందు డబ్బా ఒకటి కొసరుగా ఇస్తున్నారు. ఆమె చెయ్యి చాపలేదు.

"మందు డబ్బ గద సేటూ, మాకద్దు," అంది.

మావారు నా బిడ్డను ఎత్తి బల్ల మీద ఆ డబ్బా పక్కన కూర్చోబెట్టారు. "మా ఆమె కడుపుతోని ఉండంగ యూరప్‌ల మొత్తం గిసొంటి డబ్బల తొక్కే తిన్నది. సూడు, పిల్ల ఎట్లున్నదో."

పాప ఆమెను చూసి నవ్వింది. ఆమె కూడా నవ్వి, పాప బుగ్గ నిమిరి, డబ్బా తీసుకుని చంకలో పెట్టుకుంది.

నేను పరుగున పోయి ఆ డబ్బా పట్టుకున్నాను. "వద్దమ్మా, అది విషం, ఇంట్లో పెట్టుకోవద్దు," అన్నాను.

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. తనకు ఉచితంగా దొరికిన డబ్బా మీద నా కన్ను పడిందనుకుందేమో, ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నువ్వు తింటివి గదమ్మా," అంది. "నీకు కానిది మాకెట్లయితది?"