నవ్వుతూ ఎదురొచ్చే దెమిస్సె

బోలె విమానాశ్రయం ఎదుట టాక్సీలు ఆగే చోట దెమిస్సె కనిపించాడంటే అద్దిస్ అబాబాలో ఎవరింట్లోనో ఎవరో పోయారని జనం లెక్క. అతను ఎవరికీ కీడు తలపెట్టినవాడు కాదు, పాపం. ఆ మాటకొస్తే అతనికి తెలిసిన పనల్లా నవ్వించడమే.

ఆ ఊళ్లో చావుకబురు ఫోనులో చెప్పరు. పరాయి దేశంలో ఒంటరిగా ఉన్న మనిషి చెవిన అలాంటి మాట వేయడం పాపమని వాళ్ల నమ్మకం. పెళ్లనో, పొలం తగాదా అనో ఏదో వంక పెట్టి రప్పిస్తారు. టాక్సీలో ఇంటికి తెచ్చి, కడుపునిండా పెట్టి, పడుకోబెట్టి, తెల్లవారగానే పెద్దలూ ఇరుగుపొరుగూ చుట్టూ కూర్చుని అప్పుడు చెబుతారు. ఏడ్చేటప్పుడు ఆనుకోవడానికి నాలుగు భుజాలు ఉండాలి కదా. అప్పటిదాకా అందరూ పెళ్లివారిలా కనబడాలి. చిక్కంతా విమానాశ్రయం నుంచి ఇంటిదాకా ఉన్న దారిలోనే వస్తుంది. వెనక సీట్లో చుట్టాలు కిటికీ వైపు తిరిగి ముక్కు చీదుకుంటారు. దుమ్ము పడిందంటారు. అద్దాలేమో ఎత్తేసి ఉంటాయి.

టాక్సీ తోలే దెమిస్సె ఈ పనిలో దిగింది అనుకోకుండానే. ఒకసారి జెద్దా నుంచి వచ్చిన ఒకాయన ముందు సీట్లో కూర్చుంటే, ఆయన బాబాయిలు వెనకాల బెల్లంకొట్టిన రాళ్లలా కూర్చున్నారు. మౌనమంటే దెమిస్సెకి గిట్టదు. తన నీలం లాడా బండి గొప్పలు ఎత్తుకున్నాడు.

"దీని తీరే వేరండీ. బ్రేకు తొక్కితే హారన్ మోగుద్ది, హారన్ కొడితే వైపర్లు తిరుగుతాయి."

"మరి వైపర్లు వేస్తే?"

"అప్పుడు నేను దిగి తోస్తాను."

ఆయన ఇంటిదాకా పడీపడీ నవ్వాడు. మర్నాడు పొద్దున ఏడ్చాడనుకోండి. ఆ బాబాయిలు మాత్రం వెతుక్కుంటూ వచ్చి దెమిస్సె భుజాలు ముద్దుపెట్టుకుని వెళ్లారు. ఆ నోటా ఈ నోటా మాట పాకింది. పేటపేటకీ ఉండే చావు సంఘాలవాళ్లు, వాళ్ల దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే డేరా, కుర్చీలు, గుండిగలతో పాటు దెమిస్సెని కూడా సామానులో కలిపేసుకున్నారు.

తెచ్చుకున్న పేరే ముంచింది. దుబాయి నుంచి తన పెళ్లికి తానే వస్తున్న కుర్రాడొకడు, వరసలో వంతు వచ్చింది గనుక దెమిస్సె బండి ఎక్కాడు. కొంచెం దూరం వెళ్లాక అద్దంలోకి తేరిపార చూశాడు.

"నువ్వు దెమిస్సెవి కదూ?"

"అవును బాబూ."

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదయ్యా. నీ పెళ్లట కదా, శుభమా అని వెళ్తుంటే."

"అందరితో ఇలాగే అంటావట."

వంతెన మీదే బండి ఆపించి, రెయిలింగు పట్టుకుని, తల్లినీ తండ్రినీ మేనత్తనీ వరసపెట్టి తలుచుకుని ఏడ్చాడు. వాచిన కళ్లతో పెళ్లిపీట ఎక్కితే, అబ్బాయికి ఇష్టంలేని పెళ్లి చేస్తున్నారని ఆడపెళ్లివారు అలిగారు.

ఇలాంటివి నాలుగు జరిగేసరికి టాక్సీల వరసకు పెద్దగా ఉండే సెయ్‌ఫు వచ్చి నెత్తి గోక్కున్నాడు. "అన్నా, ఏమనుకోకు. నువ్వు ముందుంటే జనం సామాను వదిలేసి గుండెలు బాదుకుంటున్నారు. మాకు బేరాల్లేవు. కాస్త ఆ స్తంభం వెనక నిలబడు."

నిలబడ్డాడు. అది మరీ ఘోరమైంది. స్తంభం చాటున నక్కిన దెమిస్సెని చూసినవాళ్లు, ఇద్దరు పోయారు కాబోలనుకునేవారు.

అలాంటి రోజుల్లో అతని చెల్లెలు యెషి సెలవు మీద వస్తున్నానని కబురు పెట్టింది. బేరూత్‌లో ఎవరింట్లోనో వంటా ఇల్లూ చూసుకుంటూ ఏళ్లు గడిచాయి దానికి. ఇంట్లో తల్లికి చూపు మందగించింది, చెవులు అంతకన్నా మందగించాయి. కూతురితో కూర్చుని కాఫీ తాగితే చాలు, ఇంకేం అక్కర్లేదంటోంది. సెయ్‌ఫు ముందే హెచ్చరించాడు.

"అన్నా, నీకెందుకు, నేను తీసుకొస్తాను చెల్లెమ్మని."

"నా చెల్లెల్ని నేను తెచ్చుకోకపోతే ఇంకెందుకురా ఈ బండి? ఊళ్లో అందరికీ అబద్ధం మోశాను. ఒక్క నిజమైనా మోయనీ."

చెల్లెలు నవ్వుతూ ఇల్లు చేరాలి. అతని కోరిక అంతే. నవ్వితేనే కదా అనుమానం, ఈసారి నవ్వకూడదని గట్టిగా నిశ్చయించుకున్నాడు. యెషి సామాను తోపుడుబండితో బయటికొచ్చి అన్నగారిని చూసింది. పోలీసువాడిలా బిగుసుకుపోయి ఉన్నాడు.

"అన్నయ్యా, మొహం అలా ఉందేం?"

అతను కంగారుపడి నవ్వేశాడు. దాంతో కథ ముగిసింది.

బండి కదిలింది. యెషి అడిగింది.

"అమ్మ ఎలా ఉంది?"

"భేషుగ్గా ఉంది. నీకోసం కోడికూర వండుతోంది. పొద్దున్నించీ ఉల్లిపాయలు తరుగుతూనే ఉంది."

"రాహేల్‌కి కూడా ఉల్లిపాయలే చెప్పావు."

"ఏ రాహేల్?"

"బేరూత్‌లో మా పక్కవీధిలో చేసేది. వాళ్లమ్మ పోయినప్పుడు నువ్వే కదా తీసుకెళ్లావు. ఆదివారం చర్చి దగ్గర మేమంతా నీ మాటలే చెప్పుకుంటాం. నీ బండి వైపర్ల సంగతి కూడా తెలుసు."

"మిఖాయిల్ దేవదూత మీద ఒట్టే తల్లీ, అమ్మ బతికే ఉంది."

"హిరుత్ వాళ్ల నాన్న పోయినప్పుడూ మిఖాయిల్ మీదే ఒట్టు వేశావట."

"అది గాబ్రియేల్ మీద."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. వెంటనే ఫోను తీసి ఇంటికి కలిపి చేతికిచ్చాడు. అటునుంచి ముసలి గొంతు గట్టిగా అరిచింది. "ఎవరూ? బాగున్నా, బాగున్నా. ఎవరమ్మా నువ్వు? ఇంట్లో పనుంది, మా అమ్మాయి వస్తోంది." ఫోను పెట్టేసింది.

"ఎవరిని కూర్చోబెట్టారు?" అంది యెషి. "అమ్మకి నా గొంతు తెలీదా?"

"చెవులు వినపడవే దానికి."

"నాకెప్పుడూ చెప్పలేదే ఆ మాట."

నిజమే, చెప్పలేదు. దూరాన ఉన్న మనిషిని బాధపెట్టడం ఎందుకని దాచాడు. దెమిస్సె బండి పక్కకి ఆపాడు. ఎంతమందికో నమ్మకంగా అబద్ధం చెప్పిన నోటికి తోడబుట్టినదాని దగ్గర నిజం చెల్లలేదు. స్టీరింగు మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదని మన సామెత. యెషి ఆ మధ్యాహ్నమంతా నమ్మింది ఆ ఏడుపునొక్కదాన్నే. అన్న వీపు నిమిరింది.

"పోనీలే అన్నయ్యా. ఎప్పుడు పోయింది? చివర్లో నొప్పి పడిందా?"

ఇంటి ముందు డేరా వేసి ఉంది. చావు సంఘం పెద్ద దగ్నె, పిల్ల వస్తోంది, నలుగురూ భోంచేస్తారు, ఎండెందుకని తనంతట తానే దాన్ని పంపించాడు. డేరా కంటబడగానే యెషి బండి పూర్తిగా ఆగకముందే దూకింది. గుండెలు బాదుకుంటూ, నన్ను వీపున కట్టుకుని కొండమీంచి కట్టెలు మోశావే అమ్మా, నీ మొహం చూడకుండానే పోయావే అమ్మా అని ఎలుగెత్తింది. విందుకి కూర్చున్న ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. ఆ ఊళ్లో ఏడ్చేవాళ్లను కారణం అడిగి ఏడవరు, ముందు ఏడ్చి తర్వాత అడుగుతారు. తెల్ల పైటలు నెత్తిమీదికి లాక్కుని అందరూ అందుకున్నారు. దగ్నె కూడా కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. దెమిస్సె మధ్యలో నిలబడి చేతులూపుతూ ఎవరూ పోలేదు, ఎవరూ పోలేదు అంటుంటే, "చెప్పడానికి ఇంకా తెల్లవారాలిగా, ఊరుకో" అని ఒకావిడ కసిరింది.

ఈ గోలకి వంటింట్లోంచి తల్లి బయటికొచ్చింది. ఉల్లిపాయల ఘాటుకి అప్పటికే కళ్లు ధారగా కారుతున్నాయి. అందరూ ఏడుస్తున్నారని మసగ్గా తెలుస్తోంది. పక్కనున్నావిడ చెయ్యి పట్టుకుని అడిగింది.

"ఎవరే పోయింది?"

ఆవిడ తలెత్తకుండానే చెవిలో అరిచింది. "ఎవరో యెషి వాళ్లమ్మట."

"అయ్యో పాపం," అని ముసలమ్మ కూలబడి తనూ శోకం మొదలుపెట్టింది.

కాసేపటికి ఆమెకే ఏదో తేడాగా తోచింది. లేచి, తడుముకుంటూ, అందరికన్నా గట్టిగా ఏడుస్తున్న పిల్ల దగ్గరికి వెళ్లి మొహం చేత్తో తడిమింది. నుదురు, ముక్కు, గడ్డం.

"యెషీ, నువ్వటే? వచ్చావా తల్లీ. ఏడవకు. ఎవరో పోయారట, ఒకసారి పలకరించొచ్చి అన్నం తిందువుగాని."

యెషి ఆమెని వాటేసుకుని చాలాసేపు వదల్లేదు. ఆడవాళ్లు ఏడుపు ఆపి, ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని, కోడికూర దగ్గరికి వెళ్లారు. దెమిస్సె గడప మీద కూర్చుని ఒక్కడే ఇంకాసేపు ఏడ్చాడు. ఈసారి హాయిగా ఉంది.

సెలవు గడిచిపోయింది. తల్లీకూతుళ్లు రోజూ కాఫీ తాగారు. తల్లి చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడటం యెషికి అలవాటైంది. మళ్లీ బోలె దగ్గర బండి ఆగినప్పుడు ఆమె దిగకుండా అలాగే కూర్చుంది.

"అన్నయ్యా, అమ్మ బాగా చిక్కిపోయింది."

"ఊఁ."

"ఆ రోజు వస్తే నాకు ఫోనులో చెప్పెయ్. నవ్వుతూ ఇక్కడికి రాకు. మాటివ్వు."

మాటివ్వడం అతనికెంతసేపు? నాలుక చివరే ఉంది. కానీ చెల్లెలి మొహం చూసి ఆ మాట మింగేశాడు.

"చెప్పలేనే," అన్నాడు. "నావల్ల కాదు. ఎవరిదో పెళ్లంటాను, నువ్వొస్తావు. ఇక్కడే నిలబడి పళ్లికిలిస్తాను. అమ్మ ఇంట్లో ఎదురుచూస్తోందంటాను."

వచ్చిన రోజు నుంచీ అన్న చెప్పినవాటిలో యెషి వెంటనే నమ్మిన మాట అదొక్కటే. చెంపకి చెంప ఆనించి ముద్దుపెట్టుకుంది.

"సరే. నేనూ ఇంటిదాకా నమ్మినట్టే ఉంటాలే," అని సంచి భుజాన వేసుకుని లోపలికి వెళ్లిపోయింది.