అద్దం అవతలి హెడ్‌ఫోన్లు

"మా పాపకి చెవులు వినపడవేమో బాబాయ్! పిలిచినా తల తిప్పడం లేదని పక్కింటావిడ అంటోంది."

"నువ్వు పిలిచి చూశావా?"

"భయమేసి చూడలేదు."

"నువ్వు ఫిజిక్సు చదివి ఏం లాభం, ఒక్కసారి పరీక్షించి చూడకపోతే! అయితే నా డైరెక్ట్ బాక్సు కథ విను" అన్నాడు బాబాయ్.

బాబాయ్ పాటల రికార్డింగుల్లో ఇరవై ఏళ్లు బేస్ గిటార్ వాయించాడు. గిటార్‌ని నేరుగా రికార్డింగ్ మిషన్‌కి కలిపే చిన్న డబ్బాను డైరెక్ట్ బాక్సు అంటారు. ఒకటి ఎంచుకుందామని రెండు తెచ్చి, రెండింటితోనూ ఒకే ముక్క వాయించాడు. అద్దం అవతలి గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నది అతని ప్రాణస్నేహితుడైన సౌండ్ ఇంజనీరు.

"బాక్సులు రెండూ బాగానే ఉన్నాయిరా. నీ వేళ్లలోనే పట్టు పోయింది" అన్నాడా స్నేహితుడు.

బాబాయ్ నమ్మేసి, రికార్డింగులు మానేశాడు. వారం తిరక్కుండా స్టూడియోలో బాబాయ్ కుర్చీలో ఇంజనీరు బావమరిది కూర్చున్నాడు. కొన్నాళ్లకు కొత్త పాట విడుదలైంది. క్యాసెట్ అట్ట మీద గిటార్ వాయించినవాడిగా ఉన్నది బావమరిది పేరు. లోపల వినపడింది మాత్రం ఆ రోజు బాబాయ్ వాయించిన ముక్కే.

"మా ఇంట్లో ఎన్ని వందలసార్లు తిన్నాడో! తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు వెధవ" అని నవ్వబోయాడు బాబాయ్. నవ్వు రాలేదు. "వాడి పాపం వాడిది. ఆ హెడ్‌ఫోన్లు ఒక్కసారి అడిగి పెట్టుకోలేదు చూడూ, అదే నన్ను తినేస్తోంది."

నేను లేచి, పాప వెనక నిలబడి చెంచాతో గ్లాసు మీద కొట్టాను. పాప తిరిగి చూసింది. అయినా మర్నాడు వినికిడి పరీక్ష చేయించాను. అప్పటినుంచి పాప గురించి ఎవరేమన్నా బాబాయ్ చెప్పినట్టే చేస్తున్నాను:

"ఎంత కావలసినవాడు చెప్పినా, హెడ్‌ఫోన్లు ముందు నీ చెవికి పెట్టుకో అమ్మాయ్."